మోటార్ పెట్టినప్పుడల్లా మానిటర్ నల్లబడితే: ఒక రైస్ మిల్లు కాంటా రూమ్ కేసు

నేపథ్యం

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ ప్రాంతంలోని ఒక రైస్ మిల్లు కేసు ఇది. మిల్లు పేరు, ఊరు, మనుషుల వివరాలు తీసేసి, పనికొచ్చే సాంకేతిక వివరాలే ఉంచాను. యాసంగి వడ్లు దిగే ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ కాంటా ముందు లారీలు, ట్రాక్టర్లు బారులు కడతాయి. ఆ రోజుల్లో కాంటా దగ్గర ఏది ఆగినా రోడ్డు దాకా లైను ఆగుతుంది.

ఏర్పాటు ఇలా ఉంది. గుమాస్తా ఆఫీసు గదిలో లాప్‌టాప్ మీద బిల్లులు కొడతాడు. కాంటా పక్కనే చిన్న రూమ్, దాని కిటికీలో బయటికి తిప్పి పెట్టిన 24 అంగుళాల ఫుల్ హెచ్‌డీ మానిటర్. లోడు తూకం, ఖాళీ బండి తూకం, నికర తూకం, బండి ఫోటో అందులో కనిపిస్తాయి. రైతు తన వడ్ల లెక్క తన కళ్లతో చూసుకోవాలని సేటు పెట్టించింది. లాప్‌టాప్ నుంచి మానిటర్‌కు 15 మీటర్ల మామూలు రాగి హెచ్‌డీఎంఐ కేబుల్. విండోస్‌లో ఎక్స్‌టెండ్ మోడ్, తూకం విండో మానిటర్ మీద, బిల్లు విండో లాప్‌టాప్ మీద.

కరెంటు సంగతి అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు కానీ కేసంతా అక్కడే ఉంది. లాప్‌టాప్ ఆఫీసు బోర్డు మీద నడుస్తుంది. కాంటా రూమ్‌కు కరెంటు మిల్లు యార్డు లైను నుంచి వస్తుంది. నీళ్ల ట్యాంకు నింపే ఒకటిన్నర హెచ్‌పీ సింగిల్ ఫేజ్ మోటార్, యార్డు లైట్లు కూడా అదే లైను మీద ఉన్నాయి.

వచ్చిన సమస్య

మానిటర్ ఉన్నట్టుండి నల్లబడుతుంది, రెండు మూడు సెకన్లకు మళ్లీ వస్తుంది. నల్లబడిన క్షణంలో తూకం విండో ఎగిరొచ్చి లాప్‌టాప్ తెర మీద, గుమాస్తా టైపు చేస్తున్న బిల్లు పైన కూర్చుంటుంది. వేళ్లు ఆగవు కాబట్టి బండి నంబరు వెళ్లి తూకం గడిలో పడుతుంది. బయట నిలబడ్డ రైతు అడుగుతాడు: "మల్ల పోయింది తెర. ఎన్ని కిలోలు కొట్టిండ్రు, సార్?" క్వింటాలుకు ఎంత తరుగు తీస్తారోనని ముందే బెంగతో ఉన్నవాడికి తెర మాయమైతే అనుమానం రావడం న్యాయమే. అందుకే అన్నిటికంటే ముందు చెప్పాల్సిన మాట చెప్పాం. తూకం లోడ్ సెల్స్ (కాంటా కింద బరువును కొలిచే పరికరాలు) నుంచి ఇండికేటర్‌కు (అంకెలు చూపించే డబ్బాకు) వస్తుంది, ఇండికేటర్ నుంచి కంప్యూటర్‌కు వేరే వైరు. మానిటర్ పోయినా ఇండికేటర్ మీది ఎర్ర అంకెలు మారవు. మానిటర్ బాగయ్యేదాకా ఆ ఇండికేటర్‌ను రైతుకు కనిపించేలా తిప్పి పెట్టించాం.

ఇంకో రెండు లక్షణాలు గుచ్చిగుచ్చి అడిగితే బయటికొచ్చాయి. ఒక్కోసారి తెర మీద తెల్లటి చుక్కలు మెరిసి, ఆ తర్వాత నల్లబడుతుంది. కొన్ని ఉదయాలు మానిటర్ ఆన్ చేస్తే అక్షరాలు పెద్దవిగా, మసకగా వస్తాయి. డివైస్ మేనేజర్‌లో మానిటర్ అసలు పేరు బదులు 'జెనెరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్' అని ఉంటుంది.

అంతకుముందు చేసినవి

మొదట మానిటర్ మార్చారు, కొత్తదానిలోనూ అదే సమస్య. సేటు మాటల్లో: "మానిటరే ఖరాబైందన్నరు, కొత్తది తెస్తిమి. గదే లొల్లి." తర్వాత కేబుల్ మార్చారు. బంగారు పూత పిన్నులు, తొడుగు మీద 4కె అని రాసిన మరో 15 మీటర్ల కేబుల్ తెచ్చారు. చుక్కలు కాస్త తగ్గాయి, నల్లబడటం తగ్గలేదు. గ్రాఫిక్స్ డ్రైవర్ తీసి మళ్లీ వేశారు. కాంటా రూమ్‌లో స్టెబిలైజర్ పెట్టారు. ఏదీ పనిచేయలేదు.

వీటిని వృథా ఖర్చని కొట్టిపారేయకూడదు, ఒక్కోటీ ఒక్కో కబురు మోసుకొచ్చింది. రెండు మానిటర్లలో ఒకే తీరు అంటే మానిటర్ మీద అనుమానం దాదాపు పోయినట్టే. కేబుల్ మారిస్తే ఒక లక్షణం తగ్గి ఇంకోటి అలాగే ఉందంటే, ఉన్నది ఒక జబ్బు కాదు, రెండు. స్టెబిలైజర్ ఫేజ్‌కు (కరెంటు తెచ్చే వైరు), న్యూట్రల్‌కు (కరెంటు తిరిగిపోయే వైరు) మధ్య వోల్టేజీని సరిచేస్తుంది తప్ప ఎర్త్‌ను (భద్రత కోసం భూమికి కలిపే వైరు) ముట్టుకోదు. ఈ మూడో మాట విలువ చివర్లో తెలిసింది.

ముందు ఏ రకం నలుపో తేల్చడం

నల్లటి తెర అన్నది ఒక జబ్బు పేరు కాదు. మానిటర్‌కు కరెంటే పోతే పవర్ లైటు ఆరుతుంది. బ్యాక్‌లైట్ (తెర వెనక వెలిగే దీపం) పోతే పవర్ లైటు వెలుగుతూనే ఉంటుంది, చీకట్లో టార్చ్ ఏటవాలుగా కొట్టి చూస్తే బొమ్మ లీలగా కనిపిస్తుంది. సిగ్నల్ పోతే మానిటర్ తన సొంత అక్షరాలతో 'నో సిగ్నల్' అని చెబుతుంది, మెనూ బటన్ నొక్కితే మెనూ శుభ్రంగా వస్తుంది. ఇక్కడ మూడోది. ప్యానెల్, బ్యాక్‌లైట్, మానిటర్ లోపలి సప్లయ్ బాగానే ఉన్నాయి.

తర్వాత డ్రైవర్. విండోస్‌లో గ్రాఫిక్స్ డ్రైవర్ బిగుసుకుపోయి తేరుకుంటే ఈవెంట్ వ్యూయర్‌లోని సిస్టమ్ లాగ్‌లో 4101 నంబరుతో నమోదవుతుంది. నల్లబడిన సమయాల్లో ఆ నంబరు ఒక్కటీ లేదు. పైగా మానిటర్ పోయినప్పుడు లాప్‌టాప్ సొంత తెర రెప్ప కూడా వేయలేదు. డ్రైవర్‌ను పక్కన పెట్టడానికి ఈ రెండూ చాలు.

ఇప్పుడు అసలు ప్రశ్న: విండో ఎందుకు ఎగిరొస్తోంది? హెచ్‌డీఎంఐ ప్లగ్గులో 19 పిన్నులుంటాయి. 1 నుంచి 12 దాకా బొమ్మను మోసేవి. 15, 16 మీద లాప్‌టాప్ మానిటర్ వివరాలు, అంటే ఈడీఐడీ చదువుకుంటుంది. 17 గ్రౌండ్, 18 ఐదు వోల్టులు. 19వ పిన్ను హాట్ ప్లగ్ డిటెక్ట్, మానిటర్ తగిలించి ఉందని లాప్‌టాప్‌కు చెప్పేది. దాని మీద 2 వోల్టుల పైన ఉంటే ఉన్నట్టు, 0.8 కన్నా దిగితే ఊడినట్టు. బొమ్మ మోసే తీగల్లో తప్పులు వస్తే తెర నల్లబడవచ్చు కానీ, మానిటర్ ఊడిందని విండోస్ అనుకోదు, విండోలు కదలవు. విండో ఎగిరిందంటే 19వ పిన్ను కబురు తెగింది.

అందుకే గుమాస్తాకు ఒక చీటీ గీసి ఇచ్చాం. నల్లబడిన టైము, విండో ఎగిరిందా లేదా, ఆ సమయానికి యార్డులో ఏం మొదలైంది: మూడే గడులు. రెండో గడి లేకపోతే ఈ చీటీకి విలువే లేదు.

చీటీ చెప్పింది

అందరి అనుమానం మిల్లు పెద్ద మోటార్ల మీద. చీటీని ఫోర్‌మన్ దగ్గరున్న మోటార్ల పుస్తకంతో పక్కపక్కన పెట్టి చూస్తే పొంతన కుదరలేదు. ఆలోచిస్తే కుదరకపోవడమే సబబు. పెద్ద మోటార్లు త్రీ ఫేజ్‌వి, మూడు ఫేజుల్లో కరెంటు సమంగా లాగుతాయి, న్యూట్రల్‌తో వాటికి పని లేదు. విండో ఎగిరిన సార్లు ఎక్కువగా నీళ్ల మోటార్ పెట్టిన నిమిషాలతో కలిశాయి. మిగిలినవి యార్డులో వెల్డింగ్ జరిగిన సమయాలు. రెండూ సింగిల్ ఫేజ్, రెండూ కాంటా రూమ్ లైను మీదే.

విండో ఎగరకుండా చుక్కలతో నల్లబడినవి మాత్రం దేనితోనూ కలవలేదు. అవి వాటి ఇష్టం వచ్చినప్పుడు వచ్చాయి.

ఒక్కసారికి ఒక్క మార్పు

రెండు జబ్బులన్నప్పుడు రెంటినీ ఒకేసారి ముట్టుకుంటే ఏది దేనితో తగ్గిందో తెలియదు. ముందు చుక్కల సంగతి చూశాం. ఫుల్ హెచ్‌డీ 60 హెర్ట్జ్‌కు పిక్సెల్ క్లాక్ (బొమ్మ చుక్కలు కేబుల్లో వెళ్లే వేగం) 148.5 మెగాహెర్ట్జ్, 720పీ 60 హెర్ట్జ్‌కు 74.25, అంటే సరిగ్గా సగం. మామూలు తరగతి హెచ్‌డీఎంఐ కేబుళ్లను పరీక్షించేది ఆ 74.25 దగ్గరే. తొడుగు మీద 4కె అని అచ్చు వేసినంత మాత్రాన 15 మీటర్ల సన్నటి రాగి తీగ 148.5ను ఎప్పుడూ నిలకడగా మోస్తుందని కాదు. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మానిటర్‌ను 720పీకి దించగానే చుక్కలు పోయాయి. నీళ్ల మోటార్ పెట్టి చూశాం, తెర నల్లబడింది, విండో ఎగిరింది. కాబట్టి చుక్కలు కేబుల్ చేతగానితనం. ఎగిరే విండోకు కారణం వేరే ఉంది.

ఇక రెండోది. హెచ్‌డీఎంఐ కేబుల్ కరెంటు వైర్లతో ఒకే పైపులో పోతోంది. దాన్ని బయటికి లాగి నేల మీద వేరుగా పరిచి మోటార్ పెట్టించాం. తేడా లేదు. పక్క వైర్ల నుంచి గాలిలో దూకే విద్యుత్ రొద కారణమైతే కొంతైనా తగ్గాలి.

ఆ తర్వాతి పరీక్షే కేసును విప్పింది. దానికి కావలసింది ఒక పొడవాటి త్రీ పిన్ ఎక్స్‌టెన్షన్ బోర్డు, అంతే. కాంటా రూమ్ మానిటర్ పవర్ ప్లగ్గును అక్కడి సాకెట్ నుంచి తీసి, ఆఫీసు సాకెట్ నుంచి లాగిన ఎక్స్‌టెన్షన్‌కు పెట్టాం. మానిటర్, కేబుల్, లాప్‌టాప్ ఏవీ మారలేదు, మారింది కరెంటు సాకెట్, దాంతో వచ్చే ఎర్త్ మాత్రమే. నీళ్ల మోటార్ ఆన్, ఆఫ్, ఆన్. విండో కదల్లేదు. వెల్డింగ్ చేయించాం, కదల్లేదు. ప్లగ్గును తిరిగి కాంటా రూమ్ సాకెట్‌లో పెడితే మొదటి స్టార్టుకే ఎగిరింది.

కొందరు ఇలాంటి చోట మానిటర్ ప్లగ్గు ఎర్త్ పిన్ను విరిచేస్తారు. నల్లబడటం ఆగుతుంది కూడా. అది ప్రాణాలతో చెలగాటం, పరీక్ష కోసమైనా చేయొద్దు. ఎక్స్‌టెన్షన్ అదే జవాబు ఏ ప్రమాదం లేకుండా ఇస్తుంది.

0.0 అన్న అంకె

మల్టీమీటర్‌తో ఆఫీసు సాకెట్‌లో న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య చూస్తే 1.2 వోల్టులు. కాంటా రూమ్ సాకెట్‌లో 0.0. చూడగానే కాంటా రూమ్ ఎర్తే బాగుంది కదా అనిపిస్తుంది. నీళ్ల మోటార్ నడుస్తుండగా మళ్లీ చూశాం, అప్పుడూ 0.0.

అక్కడ ఆగాలి. లోడు మోస్తున్న న్యూట్రల్ వైరులో కొంత వోల్టేజీ పడక తప్పదు. రెండున్నర స్క్వేర్ ఎంఎం రాగి వైరుకు కిలోమీటరుకు సుమారు 7.4 ఓమ్‌ల నిరోధం. కాంటా రూమ్ దాకా 70 మీటర్ల వైరు, అంటే సుమారు 0.52 ఓమ్. మోటార్ నడిచేటప్పుడు 9 ఆంపియర్లు లాగితే న్యూట్రల్‌లో 4.7 వోల్టులు పడాలి. స్టార్టింగ్‌లో 40 ఆంపియర్లు లాగితే 20 వోల్టుల దాకా. ఎర్త్ వైరు నిజంగా భూమి నుంచి, మెయిన్ ఎర్త్ నుంచి వస్తుంటే ఈ తేడా మీటర్లో కనిపించి తీరాలి. ఎంత లోడు పెట్టినా సున్నాయే చూపిస్తోందంటే, ఎర్త్ పిన్ను, న్యూట్రల్ పిన్ను అక్కడే ఎక్కడో కలిసి ఉన్నాయి.

మెయిన్ ఆపి, టెస్టర్‌తో కరెంటు లేదని చూసుకుని ఎలక్ట్రీషియన్ సాకెట్ విప్పాడు. లోపల న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకు బొటనవేలంత నల్ల వైరు ముక్క. అసలు ఎర్త్ వైరే రాలేదు, రూమ్ దాకా లాగింది రెండు వైర్లే. దాని పూర్వకథ అక్కడివాళ్లు చెప్పారు. మొదట్లో మానిటర్ వెనక రేకు ముట్టుకుంటే చెయ్యి జిల్లుమనేది. మానిటర్ సప్లయ్‌లో ఫేజ్, న్యూట్రల్ రెండింటి నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి, ఎర్త్ లేకపోతే బాడీ మీద సగం కరెంటు వోల్టేజీ తేలుతుంది. ఆ జిల్లు పోవాలని ఎవరో ఈ ముక్క వేశారు. జిల్లు పోయింది, దాని బదులు ఇంకా పెద్ద ప్రమాదం వచ్చి కూర్చుంది. యార్డు లైనులో న్యూట్రల్ ఎక్కడైనా తెగితే, ఆ ముక్క మీదుగా మానిటర్ రేకుకు, కిటికీకి తగిలి ఉంటే కిటికీ గ్రిల్‌కు కూడా 230 వోల్టులు ఎక్కుతాయి. రైతులు చేయి ఆనించి నిలబడేది ఆ గ్రిల్ దగ్గరే. ఇది చూశాక తెర సంగతి రెండోది అయింది. సాకెట్‌ను అప్పటికప్పుడు వాడకం నుంచి తీసేయించాం.

మానిటర్ ఎందుకు నల్లబడుతోందో కూడా ఇక్కడే అర్థమైంది. త్రీ పిన్ మానిటర్లో హెచ్‌డీఎంఐ గ్రౌండ్, రేకు, ఎర్త్ పిన్ను కలిసి ఉంటాయి. చాలా త్రీ పిన్ లాప్‌టాప్ అడాప్టర్లలో డీసీ నెగెటివ్ కూడా ఎర్త్‌కు కలిసి ఉంటుంది. అంటే యార్డు న్యూట్రల్‌లోని కరెంటుకు రెండో దారి దొరికింది: మానిటర్, హెచ్‌డీఎంఐ కేబుల్ గ్రౌండ్, లాప్‌టాప్, అడాప్టర్, ఆఫీసు ఎర్త్. నీళ్ల మోటార్ నడుస్తుండగా హెచ్‌డీఎంఐ కేబుల్ చుట్టూ క్లాంప్ మీటర్ (వైరు కోయకుండా కరెంటు కొలిచే మీటర్) వేస్తే 0.8 ఆంపియర్ చూపించింది. బొమ్మ సంకేతాల కేబుల్లో ఇలా బయటి కరెంటు ఏదీ పారకూడదు. బొమ్మ మోసే తీగలు జంటలుగా ఉండి ఒకదానితో ఒకటి పోల్చుకుంటాయి కాబట్టి గ్రౌండ్ ఊగినా చాలావరకు తట్టుకుంటాయి. 19వ పిన్ను, ఈడీఐడీ తీగలు ఒంటరివి, గ్రౌండ్‌తో పోల్చుకునే బతుకుతాయి. మోటార్ స్టార్టుకు గ్రౌండ్ ఎగిసిపడితే ముందు పోయేది అవే. ఉదయాన్నే ట్యాంకు నింపుతుండగా మానిటర్ ఆన్ చేస్తే ఈడీఐడీ చదవడం కుదరక, విండోస్ ఆ జెనెరిక్ పేరు పెట్టి తక్కువ రిజల్యూషన్‌కు దిగేది.

చేసిన పని

వైరు ముక్క తీసేసి, మిల్లు మెయిన్ ఎర్త్ బస్ (ఎర్త్ వైర్లన్నీ కలిసే పట్టీ) నుంచి కాంటా రూమ్‌కు 4 స్క్వేర్ ఎంఎం ఆకుపచ్చ రాగి వైరు లాగించాం. ఆఫీసు ఎర్త్ కూడా ఆ బస్ నుంచే రావడం మంచిదైంది. కాంటా రూమ్ పక్కన కొత్త గుంత తవ్వి వేరే ఎర్త్ పెడదామన్న సలహాను ఒప్పుకోలేదు. ఈ ఎర్ర చల్క నేలలు ఎండాకాలం ఎండిపోయి నిరోధం పెరుగుతుంది, రెండు వేర్వేరు ఎర్త్‌ల మధ్య మళ్లీ తేడా పుడుతుంది, దాన్ని మళ్లీ హెచ్‌డీఎంఐ కేబులే మోయాలి. మెయిన్ ఎర్త్ గుంతలో పట్టీ బోల్టు తుప్పు గీకించి బిగించి, నీళ్లు పోయించాం. కాంటా రూమ్ సర్క్యూట్‌కు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే లైను ఆపేసే స్విచ్) పెట్టించాం. అది మొదట్నుంచీ ఉంటే, న్యూట్రల్ ఎర్త్‌తో కలిసిన రోజే ట్రిప్ అయి గుట్టు బయటపెట్టేది.

పని అయ్యాక నీళ్ల మోటార్ నడుస్తుండగా కాంటా రూమ్ సాకెట్‌లో న్యూట్రల్, ఎర్త్ మధ్య 4.8 వోల్టులు వచ్చాయి. సేటు కంగారుపడ్డాడు: "సున్నా ఉండె గదా, గిప్పుడు పెరిగిందేంది?" పెరగడమే సరి. న్యూట్రల్‌లో పడుతున్న వోల్టేజీ ఇన్నాళ్లూ మానిటర్ రేకు మీదికెక్కి కేబుల్లో దిగింది, ఇప్పుడు న్యూట్రల్‌లోనే ఉండి మీటర్లో కనిపిస్తోంది. చూడాల్సిన కొలత వేరే ఉంది. కేబుల్ ఊడదీసి మానిటర్ పోర్టు రేకుకు, కేబుల్ ప్లగ్గు రేకుకు మధ్య చూస్తే ముందు 4.7 వోల్టులు ఉండేది, ఇప్పుడు 0.1. క్లాంప్ మీటర్ సున్నాకు దిగింది. విండో ఎగరడం పూర్తిగా ఆగింది.

మిగిలింది చుక్కలు. కొత్త కేబుల్ హైదరాబాద్ నుంచి వచ్చేదాకా 720పీలోనే నడిపించాం, తూకం అంకెలు పెద్దవి కాబట్టి రైతుకు ఇబ్బంది లేదు. తర్వాత 15 మీటర్ల ఆప్టికల్ హెచ్‌డీఎంఐ కేబుల్ వేశాం. దీనికి దిశ ఉంటుంది, సోర్స్ అని రాసిన కొస లాప్‌టాప్ వైపే ఉండాలి, తిప్పి పెడితే బొమ్మ రాదు. వంపుల దగ్గర మడత పడకూడదు. మిల్లులో ఎలుకలు, పందికొక్కులు ఉంటాయి కనుక, దాన్ని వేరే పీవీసీ పైపులో, కరెంటు వైర్లకు దూరంగా లాగాం. ఫుల్ హెచ్‌డీ 60లో చుక్కలు లేవు.

క్రమం ఎందుకు ముఖ్యం

ఆప్టికల్ కేబులే ముందు కొని ఉంటే? ఈ కేబుళ్లలో బొమ్మ మాత్రమే గాజు పోగుల్లో పోతుంది. ఐదు వోల్టులు, ఈడీఐడీ, 19వ పిన్ను, గ్రౌండ్ సాధారణంగా ఇంకా రాగి మీదే ఉంటాయి. చుక్కలు పోయేవి, విండో ఎగురుతూనే ఉండేది, ఖరీదైన కేబుల్ కూడా పనికిరాదన్న పేరు పడేది. ఈడీఐడీ ఎమ్యులేటర్ పెడితే మానిటర్ ఎప్పుడూ ఉన్నట్టే లాప్‌టాప్‌కు చెబుతుంది, విండో ఎగరదు. కానీ కేబుల్లో 0.8 ఆంపియర్ అలాగే పారుతూ ఏదో రోజు పోర్టును కాల్చేది, గ్రిల్ ప్రమాదం అలాగే ఉండేది. విండోస్ 11లో మల్టిపుల్ డిస్‌ప్లేస్ కింద విండోల చోటు గుర్తుపెట్టుకునే ఆప్షన్ ఉంది. అది ఎగిరిన విండోను తిరిగి తెస్తుందే తప్ప ఎగరకుండా ఆపదు.

రెండు భవనాలకు ఒకే ఎర్త్ కుదరని చోట నేను హెచ్‌డీఎంఐ లాగను. మానిటర్ దగ్గరే చిన్న కంప్యూటర్ పెట్టి, దూరాన్ని షీల్డ్ లేని లాన్ కేబుల్ మీద దాటిస్తాను. ఈథర్నెట్ పోర్టుల్లో ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, రెండు వైపుల గ్రౌండ్లు ఒకదాన్నొకటి ముట్టుకోవు.

ఈ మిల్లులో ఇంకా మిగిలిన పని ఒకటుంది. నీళ్ల మోటార్ స్టార్టుకు కాంటా రూమ్‌లో వోల్టేజీ 205 దాకా పడిపోతోంది. మానిటర్ సప్లయ్ 100 నుంచి 240 దాకా పనిచేస్తుంది కాబట్టి దానికి నొప్పి లేదు, మోటార్‌కు, ఆ వైరుకు ఉంది. మోటార్‌కు వేరే 4 స్క్వేర్ ఎంఎం లైను లాగమని రాసిచ్చాం. వానాకాలం వడ్లు రాకముందే ఆ పని చేయిస్తామని సేటు అన్నాడు.